సముద్రం చూడబోయి తాబేలును చూసి వచ్చాము

ఆదోని స్టేషన్లో

సముద్రం చూడాలన్న కోరిక నాది కాదు, మా ఇంటామె సుంకమ్మది. నేను ఎమ్మిగనూరులో గుంట మగ్గం మీద చీరలు నేసేవాణ్ణి. ఉతికినా వెలవని కొత్త రంగుల అద్దకం చూసి రమ్మని మా సంఘంవాళ్ళు నన్ను చీరాలకు పంపాలనుకున్నారు. ఆ మాట ఇంట్లో చెప్పగానే సుంకమ్మ రొట్టె తట్టడం ఆపేసింది.

"చీరాల పక్కనే సముద్రం ఉండాదంట గదా?"

"ఉంటే?"

"నేనూ వస్తా. మొన్నటిదంకా మనది బళ్ళారి జిల్లా. ఇప్పుడు కొత్త రాష్ట్రమొచ్చింది. ఆళ్ళ సముద్రం గూడా మనదే అయింది. మనది మనం సూసుకోవద్దా?"

మద్రాసు రాష్ట్రంలో ఉన్నప్పుడూ సముద్రం మనదే కదా అని నేను వాదించలేదు. పెళ్ళయిన ఇన్నేళ్ళలో ఆమె నోరు తెరిచి అడిగిన మొదటి ప్రయాణం అది. శివరాత్రి వెళ్ళిన తరువాత ఒక పొద్దున ఎమ్మిగనూరు బస్సెక్కి ఆదోనిలో దిగాము. పత్తి బోరాల బండ్లు దారంతా అడ్డం ఉండటంతో స్టేషన్ దాకా నడిచి, ఉగ్గాని, మిరపకాయ బజ్జీలు తిని రైలెక్కాము. సుంకమ్మ మూటలో ఎండు సజ్జ రొట్టెలు, శెనక్కాయల పొడి, ఒక సంచి జొన్నపిండి ఉన్నాయి. జొన్నపిండి ఎందుకన్నాను. "ఆడ మూడు పూటలా అన్నమే పెడతారంట. నువ్వు రెండు దినాలకే మొగం మాడుస్తావు" అంది. ఆమె చెప్పినట్టే జరిగింది.

నల్లమల చీకట్లో

గుంతకల్లులో బండి మారి నంద్యాల దాటితే నల్లమల అడవి వస్తుంది. మా వైపు కొండలంటే బండలు. ఇక్కడ కొండలకు చెట్లు జుట్టులాగా పెరిగి ఉన్నాయి. మాకు రైలు కొత్త కాదు గానీ సొరంగం కొత్త. ఉన్నట్టుండి పెట్టె అంతా చీకటైపోయింది, పొగ కమ్మింది, ఎవరో పిల్లలు కేకలు పెట్టారు. సుంకమ్మ నా చెయ్యి గట్టిగా పట్టుకుందనుకున్నాను. వెలుగు వచ్చాక చూస్తే ఆమె పట్టుకున్నది ఎదుటి బల్ల మీద కూర్చున్న గిద్దలూరు ముసలామె చెయ్యి. ఆ ముసలామె వదిలించుకోలేదు సరికదా, రెండో చెయ్యి కూడా పైన వేసి, "ఇంకోటుంది, అట్నే పట్టుకో బిడ్డా" అంది.

తరువాత ఆమె తన గంపలోంచి దోసెడు రేగుపండ్లు తీసి మా ఒళ్ళో పోసింది. డబ్బులిస్తే తీసుకోలేదు. సముద్రం చూడటానికి పోతున్నామంటే మాత్రం నవ్వింది. "ఇంత దూరం పోయి సూసేదానికి అదేమన్నా పెండ్లా?" అంది. ఆమె దిగిపోయిన చాలాసేపటి వరకు సుంకమ్మ కిటికీ వైపు తిరిగి ఆ రేగుపండ్లే తింటూ కూర్చుంది.

చీరాలలో

చీరాలలో మాకు బస ఇచ్చినవారు కోటయ్య గారు. పెద్ద నేతగాడు. ఆయన ఇంట్లో మగ్గాల చప్పుడు వినగానే సొంత వీధిలోకి వచ్చినట్టనిపించింది. మాట మాత్రం వేరు. సుంకమ్మ వాకిట్లో నిలబడి "నీళ్ళు యాడుండాయమ్మా?" అని అడిగితే ఆ ఇంటి కోడళ్ళు కొంగులు నోటికి అడ్డం పెట్టుకున్నారు. మర్నాటికి వాళ్ళే సరదాకి "యాడికి పోతాండావొదినా?" అని పిలవడం మొదలుపెట్టారు. సుంకమ్మ కోపం తెచ్చుకోలేదు. "మీరు పలికితే దానికి ఉప్పు సాల్లేదు" అని తిరిగి వెక్కిరించింది.

గోంగూర పచ్చడి, నెయ్యి, వేడి అన్నం. మూడు పూటలా. నాకు నిజంగానే మొహం వాడిపోయింది. సుంకమ్మ ఇంటావిడను అడిగి పెనం తెప్పించుకుని జొన్నరొట్టెలు తట్టింది. ఆ చప్పుడుకి పక్కిళ్ళవాళ్ళు కూడా వచ్చి నిలబడ్డారు. కోటయ్య గారు ఒక ముక్క నమిలి, "గట్టిదే గానీ, కడుపులో నిలబడుద్ది" అన్నారు.

అద్దకం పని నాకు త్వరగానే పట్టుబడింది. సముద్రానికి దారి అడిగితే మాత్రం కోటయ్య గారికి ఆశ్చర్యం వేసింది. "సముద్రమా? ఏముంది నాయనా అక్కడ? నీళ్ళు!" అన్నారు. బండిలో గంట ప్రయాణం లేని ఆ నీళ్ళను ఆయన చూసి ఏళ్ళయిందట. అయినా జట్కా కుదిర్చి పెట్టారు. బండివాడు అడిగిన బాడుగకు మా ఊళ్ళో అయితే బండితోపాటు గుర్రాన్ని కూడా ఇచ్చేస్తారని నేను గొణిగితే, బండివాడు పగలబడి నవ్వి కాస్త తగ్గించాడు.

ఇసుక మీద

తాటిచెట్లు దాటి సరుగుడు తోటల మధ్యకు వచ్చేసరికి ఎక్కడో ఆగకుండా ఒక మోత వినిపించింది. సుంకమ్మ చెవి ఒగ్గి వింది. "ఈడ గూడా జిన్నింగు ఫ్యాక్టరీ ఉండాదా?" అంది.

నేనూ అదే అనుకున్నాను. ఆదోనిలో పత్తి రోజుల్లో ఊరి బయట నిలబడితే అచ్చం ఇలాంటి మోతే వినబడుతుంది. బండివాడు ఇసుక దిబ్బ ఎక్కించి బండి ఆపాడు.

ఏం రాయను? మా వైపు పొలాలు కూడా కంటికి ఆనినంత మేర నల్లగా, చదునుగా పరుచుకుని ఉంటాయి. కానీ అవి కదలవు. ఇది కదులుతోంది. సుంకమ్మ దిబ్బ దిగి నీళ్ళ దాకా పోయి, అక్కడే తడి ఇసుకలో కూలబడింది. భయపడిందేమోనని నేను పరుగెత్తాను. ఆమె దోసిట్లో నీళ్ళు తీసుకుని నాలుకకు తాకించి మొహం వికారంగా పెట్టింది.

"ఇన్ని నీళ్ళుండీ మన చేనికి ఒక్క సుక్క రాదే" అంది.

వెనక నుంచి బండివాడన్నాడు. "వచ్చేది ఇక్కడ్నించేనమ్మా. మబ్బు పుట్టేది ఈ నీళ్ళలోనే గదా."

ఆమె ఆ దోసెడు నీళ్ళను నేల మీద పారబొయ్యకుండా వంగి మళ్ళీ సముద్రంలోనే వదిలింది.

ఇసుకంతా చిన్న చిన్న బొరియలు. ప్రతి బొరియ చుట్టూ గోరంత ఉండలు ముగ్గు పెట్టినట్టు పేర్చి ఉన్నాయి. అడుగు వేస్తే ఎర్రని పీతలు పక్కకు పరుగెత్తి క్షణంలో మాయమైపోయేవి. అల వెనక్కి పోయినప్పుడు ఇసుకలోంచి చిట్టి చిట్టి గవ్వపురుగులు లేచి, మళ్ళీ నిట్టనిలువునా తవ్వుకుని లోపలికి పోయేవి. గాజు గిన్నె బోర్లించినట్టు ఉన్న ఒక ప్రాణి ఒడ్డున పడి ఉంది. దాంట్లోంచి ఇసుక కనబడుతోంది! అదొక ప్రాణి అని బండివాడు చెప్పేదాకా మాకు తెలియదు. ఇవన్నీ చూస్తూ నేను చెప్పులు విడిచిన సంగతి మరిచిపోయాను. ఒక చెప్పు సముద్రం పట్టుకుపోయింది. రెండోది కూడా ఇచ్చెయ్యమని సుంకమ్మ సలహా ఇచ్చింది.

వల

కొంత దూరంలో పల్లెపాలెం మనుషులు రెండు జట్లుగా నిలబడి ఒడ్డుకు వల లాగుతున్నారు. వాళ్ళందరికీ పెద్ద పోలయ్య. నడివయసు దాటిన మనిషి, వీపు ఎండకు కాలి రాగిరంగు తేలింది. నేనూ ఒక చెయ్యి వేస్తానంటే నా అరచేతులు చూశాడు.

"ఏం పని నీది?"

"నేత."

"అయితే తోలు లేచిపోద్ది. సరే, పట్టు."

నేను పట్టాను, సుంకమ్మ కూడా పట్టింది. అది చూసి ఒడ్డున గంపలతో కూర్చున్న ఆడవాళ్ళు నవ్వారు. చాలాసేపటికి వల దగ్గర పడింది. మోకాలి లోతు నీళ్ళలో వల సంచి ఉబ్బి కనబడుతోంది. లోపలంతా వెండి. పొడుగ్గా కత్తుల్లా ఉన్న సావళ్ళు, పళ్ళెంలా గుండ్రంగా ఉన్న చందువలు, మీసాల జెల్లలు, నీలంగా మెరిసే పీతలు, ఇంకా పేర్లు తెలియనివి ఎన్నో. మా ఇంట్లో నీచు వండరు. అందుకని చేప అంటే సంతలో ఎండి వాసన కొట్టేదనే నాకు తెలుసు. ఇన్ని రంగులుంటాయని తెలియదు.

అంతలో సంచి మధ్యలో ఏదో పెద్దది కొట్టుకుంది. మూడు నాలుగు సార్లు గట్టిగా ఎగిరి, ఆగిపోయింది. పోలయ్య నీళ్ళలోకి దూకి కాలితో తడిమి కేక పెట్టాడు.

"తాబేలురా! మెడకీ చేతులకీ చుట్టుకుపోయింది!"

ఆయన తమ్ముడు తాడు వదలకుండా అన్నాడు. "గట్టుకి లాగి తీద్దామన్నా. రెండు నిమిషాలు!"

ఒడ్డున ఉన్న ఆడవాళ్ళలోంచి ఒకామె గంప పారేసి చీర కుచ్చిళ్ళతో సహా నీళ్ళలోకి పరుగెత్తుకొచ్చింది. ఆమె పోలయ్య భార్య కాటమ్మ.

"ఎప్పట్నించి చుట్టుకుందో ఏమో, ఇంక ఆగలేదు! ఊపిరాడక చచ్చిద్ది. కోసెయ్యి!"

పోలయ్య చేతిలో కత్తి ఉంది, కానీ చెయ్యి లేవలేదు. "వానాకాలమంతా కూర్చుని నువ్వు అల్లిన సంచే గదే ఇది!"

"అల్లింది నేను. కొయ్యమంటంది గూడా నేనే. కోసెయ్యి!"

ఆయన కోశాడు. ఒక్క కోతతో కాలేదు. అడ్డంగా, నిలువుగా, మళ్ళీ అడ్డంగా. తెగిన చోటునుంచి ఆ వెండంతా మా కాళ్ళ మధ్య నుంచి జారి సముద్రంలోకి పోయింది. పొద్దున్నుంచి తాడు లాగిన మనుషులు అది పోతుంటే చూస్తూ నిలబడ్డారు. ఎవరూ తిట్టలేదు.

తాబేలును నలుగురు మోసుకొచ్చి ఇసుకలో పెట్టారు. బండి చక్రమంత ఉంది. మెడ వేలాడిపోయింది. నేను పోయిందనే అనుకున్నాను. పోలయ్య ఒక తెప్ప దుంగ దొర్లించుకొచ్చి దాని వెనక భాగం కింద పెట్టాడు. తల పల్లానికి వచ్చింది. నోటి నుంచి నీళ్ళు కారాయి. "ఇంక మన చేతుల్లో లేదు" అని ఆయన పక్కకు పోయి కూర్చున్నాడు.

ఎండ ఎక్కుతోంది. సుంకమ్మ తన తువ్వాలు సముద్రంలో తడిపి దాని వీపు మీద పరిచింది. ఆరితే మళ్ళీ తడిపింది. కాటమ్మ ఎదురుగా కూర్చుని కొంగుతో ఈగలు తోలింది. వాళ్ళిద్దరూ అప్పటికి ఒకరి పేరొకరు అడగలేదు. బండివాడు రెండుసార్లు పిలిచాడు. సుంకమ్మ వినిపించుకోలేదు.

నీడ మా కాళ్ళ కిందికి వచ్చినప్పుడు ఆ తాబేలు ఒక నిట్టూర్పు విడిచింది. పెద్ద మనిషి విడిచినట్టే. సుంకమ్మ ఉలిక్కిపడి వెనక్కి పడింది. ఆ తరువాత చాలాసేపటికి ఇంకొకటి, ఆపైన ఇంకొకటి. కళ్ళు తెరిచింది. కంటి నుంచి నీరు కారుతుంటే సుంకమ్మ, "ఏడుస్తాంది, సూడు" అంది.

"ఏడుపు కాదమ్మా, గట్టు మీదికొస్తే దానికట్టా కారిద్ది" అంది కాటమ్మ, తన కళ్ళు తుడుచుకుంటూ.

దుంగ తీసేశారు. అది ఇసుకను తోసుకుంటూ, ఆగుతూ, మళ్ళీ తోసుకుంటూ పోయింది. ఒక అల వచ్చి దాన్ని కొంచెం ఎత్తింది. రెండోది ఇంకొంచెం ఎత్తింది. మూడో అల వెనక్కి పోయాక ఇసుక మీద దాని జాడ మాత్రమే ఉంది.

పాలెంలో

అప్పుడు కాటమ్మ చెప్పింది. ఆమె కాపురానికి వచ్చిన కొత్తలో ఏటా ఈ నెలల్లో తాబేళ్ళు గుడ్లు పెట్టడానికి వస్తే గట్టు మీద అడుగు పెట్టే సందు ఉండేది కాదట. గుడ్లను గంపలకెత్తి సంతల్లో అమ్మేవారు. మిగిలినవి నక్కలు తవ్వుకు తినేవి. ఏడాదికేడాది తాబేళ్ళు తగ్గుతూ వచ్చి, ఒక ఏడు పిల్లలకు చూపించడానికి ఒక్క జాడ కూడా దొరకలేదు. ఆ ఏడే పాలెం పెద్దలు తమ గంగమ్మ ముందు కూర్చుని కట్టుబాటు చేసుకున్నారు. సరుగుడు తోటకు ఉత్తరాన గుడ్లు ఎవరూ తియ్యకూడదు. వలలో పడిన తాబేలును ప్రాణంతో వదలాలి.

"వస్తన్నయ్యా మళ్ళీ?" అని నేను వాళ్ళ యాసలోనే అడగబోయి తడబడ్డాను.

"వస్తన్నయ్. నిరుటి కంటే ఈ ఏడు జాడలెక్కువ. నా మనవరాళ్ళు పెద్దయ్యేసరికి మళ్ళా సందు లేకుండా వస్తయ్యేమో. చూద్దాం."

పోలయ్య చిరిగిన సంచిని ఇసుకలో పరిచి కూర్చున్నాడు. ఆయన మొహం చూస్తే నాకు భయం వేసింది. చేపలు ఒడ్డు పట్టుకుని తిరిగే రోజులవి. ఆ వల సిద్ధమయ్యేదాకా ఆ జట్టులో ఎవరికీ పని లేదు. సుంకమ్మ నా వైపు ఒక చూపు చూసి ఆయనతో అంది.

"అన్నా, మేము నేతోళ్ళం. దారం పనే మాది. సూపిస్తే కుడతాం."

"ఇది చీర కాదమ్మా."

"తెలుసు. చీరైతే నువ్వు సూపించకముందే కుట్టుంటా."

పోలయ్య అప్పుడు మొదటిసారి నవ్వాడు. కోటయ్య గారింట్లో ఉన్న మా మూట తెచ్చిపెట్టమని చెప్పి జట్కాను పంపించేశాము.

ఆ రోజు, మర్నాడు, తాటాకు పందిరి కింద కూర్చుని వల కుట్టాము. మగ్గం మీద పడుగు, పేక ఒకదాన్నొకటి ఆనుకుని ఉంటాయి. నా చేతులకు అదే అలవాటు. ఇక్కడ ప్రతి కన్నూ విడిగా నిలబడాలి, ప్రతి ముడీ బిగియాలి. నీళ్ళ కోసం ఖాళీ వదలాలి. వెదురు సూది నా వేళ్ళలో తిరగలేదు. నేను కట్టిన మొదటి వరుసంతా కాటమ్మ మెల్లగా విప్పేసి మళ్ళీ నా చేతికిచ్చింది. సుంకమ్మకు మాత్రం పూట గడవకముందే పట్టుబడింది. ఆ దారం పట్టుకుని, "ఇది మా ఆదోని పత్తేమో" అంది. కాటమ్మ దాన్ని వాసన చూసి, "ఇప్పుడు సముద్రానిదే" అంది.

మేము నీచు తినమని తెలిసి కాటమ్మ మా కోసం కొత్త కుండ తెప్పించి, అందులో విడిగా వండింది. మునగాకు వేపుడు, చింతపండు చారు. మా మిగిలిన జొన్నపిండితో సుంకమ్మ రొట్టెలు చేస్తే పాలెం పిల్లలంతా తిన్నారు. పోలయ్య ఒక రొట్టెను చేపల పులుసులో ముంచి తిని, మీ ఊరోళ్ళు ఇది తింటూ కూడా చేప తినకపోవడం తప్పన్నాడు.

మూడో రోజు వల మళ్ళీ నీళ్ళలోకి పోయింది. అది తిరిగి వచ్చేదాకా నేను తాడు లాగానో, నా ప్రాణం లాగానో నాకే తెలియదు. సంచి నిండుగా వచ్చింది. చేపలు గంపలకెత్తాక పోలయ్య కుట్టిన చోటంతా వేళ్ళతో తడిమి చూశాడు.

"నీ ముళ్ళు రెండు జారినయ్యి. నీ ఇంటామెవి ఒక్కటీ జారలేదు" అన్నాడు. ఈ ప్రయాణంలో నాకు దొరికిన మెప్పు అదే.

తెల్లవారుజామున

బయలుదేరే రోజు ఇంకా పూర్తిగా తెల్లవారకముందే కాటమ్మ మమ్మల్ని లేపి సరుగుడు తోటకు ఉత్తరాన తీసుకుపోయింది. అక్కడ ముళ్ళకంపతో చిన్న చిన్న దడులు కట్టి ఉన్నాయి. ఒక దడిలో ఇసుక కుంగి ఉంది. చూస్తుండగానే ఆ ఇసుక ఉడుకుతున్న సంకటిలా కదిలింది. ఒక ముక్కు, ఒక చెయ్యి, తరువాత అరచేతిలో పట్టేంత నల్లని పిల్ల. దాని వెనక ఇంకోటి. ఇక లెక్క లేదు. ఒకదాని మీద ఒకటి ఎక్కి, దొర్లి, వెలుగు వైపు పరుగు తీశాయి.

ఎవరు చెప్పారు వాటికి దారి? తల్లి లేదు. గుడ్లు పెట్టిన రోజే వెళ్ళిపోయింది. నేను అడిగితే కాటమ్మ, "మాకూ తెలియదు" అంది. ఆమెకు తెలియకపోవడం నాకెందుకో హాయిగా అనిపించింది.

కాకులు దిగాయి. కాటమ్మ, సుంకమ్మ చెరోవైపు కొంగులు ఊపుతూ తోలారు. "పోండి నాయనా, పోండి, బిరబిరా పోండి" అని సుంకమ్మ అరుస్తూనే ఉంది. ఒక పిల్ల నా కాలి జాడ గుంటలో పడి వెల్లకిలా తన్నుకుంటోంది. వేలితో తిప్పి పెట్టాను. ఒక్క క్షణం నా వేలి మీద దాని చేతులు ఆడాయి. ఈ లోకంలో అంత చిన్న బలం నేనెప్పుడూ ఎరగను. నన్ను ఇక్కడిదాకా తెచ్చిన ఆడమనిషికి, వల కోయించిన ఆడమనిషికి ఆ నిమిషంలో మనసులోనే దణ్ణం పెట్టుకున్నాను.

అన్నీ బతకవట. చేపలు తింటాయి, పక్షులు తింటాయి. "ఒకటో రెండో తిరిగొస్తే చాలు. ఆ ఒకటీ మళ్ళా ఇక్కడికే వచ్చిద్ది" అంది కాటమ్మ.

ఎమ్మిగనూరులో

ఇంటికి వచ్చిన సాయంత్రం వీధి ఆడవాళ్ళంతా మా అరుగు మీద చేరారు. సుంకమ్మ జిన్నింగు ఫ్యాక్టరీ మోత దగ్గర్నుంచి మొదలుపెట్టింది. నా చెప్పు సంగతి అందరికంటే ముందే చెప్పేసింది. వల, కోత, దుంగ, తడి తువ్వాలు, నిట్టూర్పు. అందరూ నోళ్ళు తెరుచుకుని విన్నారు. పక్కింటి హనుమవ్వకు చూపు ఆనదు. ఊరు దాటి ఎరగదు. ఆమె సుంకమ్మ మోకాలు పట్టుకుని అడిగింది.

"అంత సేసినారు గదా దానికి. పోయేటప్పుడు ఎనక్కి తిరిగి సూసిందా?"

సుంకమ్మ ఆమె చేతిని తన చేతిలోకి తీసుకుంది. అబద్ధం చెబితే ఆ ముసలామె సంతోషిస్తుందని నాకు అనిపించింది.

"లేదవ్వా. సూడలే. నేరుగా పోయింది."

హనుమవ్వ తల ఊపింది.

"అంటే దానికి బాగైనట్టే" అంది.